కోపెన్‌హాగన్ నుంచి నార్డ్‌కాప్ దాకా కారులో: ప్లాన్ వేసుకోవడం ఎలా?

"నార్డ్‌కాప్‌కి కారులో వెళ్దామనుకుంటున్నాం, ఎన్ని రోజులు పడుతుంది?" అని చాలామంది అడుగుతున్నారు. నార్డ్‌కాప్ అంటే నార్వే ఉత్తర కొసన సముద్రం అంచున ఉన్న కొండ కొమ్ము. జర్మనీ, స్వీడన్‌లలో ఉద్యోగాలు చేసుకుంటూ సొంత కారు ఉన్నవాళ్లు కొందరు, ఇండియా నుంచి వచ్చి కారు అద్దెకు తీసుకుందామనుకునేవాళ్లు ఇంకొందరు. ఇద్దరికీ పనికొచ్చేలా, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ ప్రయాణాన్ని కిలోమీటర్లతో కాకుండా గంటలతో లెక్కేయాలి. వెళ్లేటప్పుడు స్వీడన్, ఫిన్లాండ్ మీదుగా త్వరగా పైకి చేరుకుని, వచ్చేటప్పుడు నార్వే మీదుగా నింపాదిగా దిగాలి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, నార్వేలో ప్రతి ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) దగ్గరా ఆగుతూ వెళ్తారు. సగం సెలవులు అక్కడే అయిపోయి, చివరికి ఉత్తరం చేరకుండానే వెనక్కి తిరుగుతారు.

1. మొదట కాలం తేల్చుకోండి

నార్డ్‌కాప్ 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంటుంది. అక్కడ మీరు ఏం చూస్తారన్నది మీరు వెళ్లే నెలను బట్టి ఉంటుంది.

మే మధ్య నుంచి జూలై ఆఖరు వరకు అక్కడ సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి సూర్యుడే మీ లక్ష్యమైతే జూన్ రెండో సగం, జూలై మంచివి. మేలో ఇంకా మంచు ఉంటుంది. జూన్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా ల్యాప్‌లాండ్ (స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తర ప్రాంతం) అడవుల్లో దోమలు విపరీతం. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్లం, దోమలు మాకో లెక్కా అనుకోకండి. అక్కడివి పట్టపగలే గుంపులుగా వచ్చి పడతాయి. ఇండియా నుంచి తీసుకెళ్లే క్రీముల కంటే అక్కడి సూపర్‌మార్కెట్లలో దొరికే మందే బాగా పనిచేస్తుంది. తలకు వేసుకునే దోమల వల కూడా ఒకటి కొనుక్కోండి.

నన్నడిగితే ఆగస్టు ఆఖరి వారం నుంచి సెప్టెంబరు మధ్య వరకు అన్నిటికంటే మేలు. దోమలు పోతాయి, రద్దీ తగ్గుతుంది, చెట్ల ఆకులు ఎరుపు, పసుపు రంగులు తిరుగుతాయి. రాత్రి చీకటి పడుతుంది కాబట్టి ఆకాశం నిర్మలంగా ఉంటే నార్తర్న్ లైట్స్ (ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కూడా కనిపించవచ్చు. అర్ధరాత్రి సూర్యుణ్ణి మాత్రం వదులుకోవాలి. రెండూ ఒకే ట్రిప్‌లో చూడటం కుదరదు.

చలికాలంలో మంచు మీద కారు నడిపిన అనుభవం లేకపోతే ఈ రూటు వద్దు. నవంబరు ఆఖరు నుంచి జనవరి మూడో వారం దాకా నార్డ్‌కాప్‌లో సూర్యుడు అసలు కనిపించడు. ఆఖరి 13 కి.మీ. రోడ్డు మీద మంచు తీసే బండి వెనక కాన్వాయ్‌గా, అదీ నిర్ణీత సమయాల్లోనే వెళ్లనిస్తారు. గాలి ఎక్కువైతే అదీ ఆపేస్తారు. చలికాలంలోనే చూడాలనుంటే విమానంలో ట్రోమ్సో (నార్వే) గానీ రోవనియెమి (ఫిన్లాండ్) గానీ వెళ్లి అక్కడ గైడుతో తిరగండి.

2. ఉన్న సెలవులను బట్టి ఎక్కడ మొదలుపెట్టాలో ఎంచుకోండి

కోపెన్‌హాగన్ నుంచి స్వీడన్, ఫిన్లాండ్ మీదుగా నార్డ్‌కాప్ సుమారు 2,500 కి.మీ. నార్వే మీదుగా తిరుగు ప్రయాణం మరో 2,900 దాకా అవుతుంది. పక్క దారులు కలిపి 5,500 నుంచి 6,000 కి.మీ. అనుకోండి.

- 21 రోజులు ఉంటే: కోపెన్‌హాగన్ నుంచి పూర్తి చుట్టు.
- 14 రోజులు ఉంటే: స్టాక్‌హోమ్‌లో మొదలుపెట్టి అక్కడికే తిరిగి రండి. నార్వేలోని లోఫోటెన్ దీవులు చూశాక నార్విక్ నుంచి కిరునా మీదుగా ఈ10 (E10) రోడ్డు పట్టుకుంటే స్వీడన్‌లోకి దిగిపోవచ్చు.
- 7 నుంచి 9 రోజులే ఉంటే: విమానంలో రోవనియెమి వెళ్లి కారు అక్కడ తీసుకోండి. రోవనియెమి నుంచి నార్డ్‌కాప్ సుమారు 700 కి.మీ.

పది రోజుల్లో కోపెన్‌హాగన్ నుంచి పూర్తి చుట్టు తిరగవచ్చా అంటే, కారు తిరుగుతుంది. కారులో ఉన్నవాళ్లు మాత్రం ఏమీ చూడరు.

3. కాగితాలు

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు: డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, నార్వే నాలుగూ షెంగెన్‌లోనే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉన్నాయి, ఒక్క వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. కింద ఇచ్చిన ప్లాన్‌లో అది నార్వే. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మీ ఆర్టీవో నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి.

యూరప్‌లో ఉంటున్నవాళ్లకు: జర్మనీలో నివాసం మొదలై 6 నెలలు, స్వీడన్‌లో 1 సంవత్సరం దాటితే ఇండియా లైసెన్సు మీద నడపడానికి వీల్లేదు. పర్మిట్ చేతిలో ఉన్నా అంతే. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. స్థానిక లైసెన్సు వచ్చాకే ఈ ట్రిప్ పెట్టుకోండి. బ్రిటన్‌లో ఉండే ఇండియా పాస్‌పోర్టు వాళ్లకు విడిగా షెంగెన్ వీసా కావాలి.

నార్వే షెంగెన్‌లో ఉంది గానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. కాబట్టి సరిహద్దులో కస్టమ్స్ నియమాలు వర్తిస్తాయి. మద్యానికి, సిగరెట్లకు పరిమితి ఉంటుంది. విచిత్రం ఏమిటంటే బంగాళాదుంపలు కూడా తీసుకెళ్లకూడదు.

4. కారు: అద్దెదైనా, సొంతదైనా

అద్దె కారు బుక్ చేసేముందు కంపెనీకి ఈ ప్రశ్నలు మెయిల్‌లో పంపి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

- నాలుగు దేశాల్లోకీ కారు తీసుకెళ్లవచ్చా? ఫెర్రీ ఎక్కించవచ్చా?
- ఒక దేశంలో తీసుకుని మరో దేశంలో వదిలేస్తే ఎంత? ఇది తరచూ కారు అద్దెనే మించిపోతుంది. అందుకే ఎక్కడ తీసుకున్నారో అక్కడే ఇచ్చేలా చుట్టు వేసుకోవడం మంచిది.
- అద్దం, టైర్లు, కారు అడుగుభాగం బీమాలోకి వస్తాయా? ఉత్తరాన కంకర రోడ్ల మీద, మరమ్మతులు జరిగేచోట రాళ్లు ఎగిరి అద్దానికి తగులుతుంటాయి.
- జింక జాతి జంతువును గుద్దితే ఎవరు భరిస్తారు?
- టోల్ ఎలా వసూలు చేస్తారు? దాని మీద సర్వీసు ఛార్జీ ఎంత?

సొంత కారైతే బయల్దేరే రెండు వారాల ముందే సర్వీసు చేయించండి. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, స్పేర్ టైరు చూపించండి. చాలా కొత్త కార్లలో స్పేర్ టైరుకు బదులు రిపేర్ కిట్ ఒక్కటే ఉంటుంది, డిక్కీ తెరిచి చూసుకోండి. హెచ్చరిక ట్రయాంగిల్, మెరిసే జాకెట్ కారులో ఉండాలి. సెప్టెంబరు ఆఖరుకు, అక్టోబరుకు వెళ్లేవాళ్లు వింటర్ టైర్లు లేకుండా ఉత్తరానికి వెళ్లకండి. 135 సెం.మీ. కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. అద్దె కారుకైతే ముందే చెప్పి పెట్టించుకోండి.

5. రోజుల పంపకం

రోజుకు 350 కి.మీ. సగటు పెట్టుకోండి. స్వీడన్‌లో అది నాలుగు గంటల పని. నార్వేలో మలుపులు, సొరంగాలు, ఫెర్రీలు, గంటకు 80 కి.మీ. వేగ పరిమితి కలిసి ఆరేడు గంటలు తినేస్తుంది. మ్యాప్ యాప్ చెప్పిన సమయానికి నార్వేలో పావు వంతు కలుపుకోండి.

*1 నుంచి 7వ రోజు: స్వీడన్ దాటడం.* కోపెన్‌హాగన్ నుంచి ఓరెసుండ్ వంతెన మీదుగా మాల్మో చేరతారు. దీని టోల్ బాగా ఎక్కువే, ఆన్‌లైన్‌లో ముందుగా కొంటే కొంత తగ్గుతుంది. అక్కడి నుంచి హెల్సింగ్‌బోరి దగ్గర ఈ4 (E4) రోడ్డు పట్టుకుంటే ఫిన్లాండ్ సరిహద్దు దాకా దాదాపు అదే రోడ్డు. యోన్‌షోపింగ్‌లో ఒక రాత్రి, స్టాక్‌హోమ్‌లో రెండు, తర్వాత సుండ్స్‌వాల్, ఉమియో, లూలియోల్లో ఒక్కో రాత్రి. ఉత్తరాన గంటల తరబడి అడవి తప్ప ఏమీ ఉండదు, నిద్ర ముంచుకొస్తుంది. ఇద్దరు డ్రైవర్లుంటే రెండు గంటలకోసారి మారండి. సుండ్స్‌వాల్ దాటాక వచ్చే హై కోస్ట్ ప్రాంతంలో ఒక్కపూటైనా ఆగండి, ఈ భాగంలో నిజంగా చూడదగ్గది అదే. ఏడో రోజు హపరాండా దగ్గర సరిహద్దు దాటి రోవనియెమి.

*8 నుంచి 10వ రోజు: పైకి.* రోవనియెమి ఊరికి కాస్త ఉత్తరంగా ఆర్కిటిక్ సర్కిల్ గీత, శాంటాక్లాజ్ విలేజ్ ఉంటాయి. పిల్లలుంటే ఆగండి, లేకపోతే ఫొటో తీసుకుని కదలండి. ఈనారిలో సామీల (ఈ ఉత్తర ప్రాంతపు ఆదివాసులు) మ్యూజియం సీడా మాత్రం వదలొద్దు. మీరు తిరగబోయే నేల ఎవరిదో, రోడ్డు మీద కనిపించే రెయిన్‌డీర్లు ఎవరివో అక్కడ తెలుస్తుంది. తొమ్మిదో రోజు కరిగాస్నియెమి, కరాష్యోక్, లాక్‌సెల్వ్ మీదుగా ఓల్డర్‌ఫియోర్డ్ చేరి, అక్కడ ఈ69 (E69) రోడ్డు ఎక్కి హొన్నింగ్స్‌వోగ్. మధ్యలో నార్డ్‌కాప్ సొరంగం వస్తుంది: దాదాపు 6.9 కి.మీ. పొడవు, సముద్రమట్టానికి 212 మీటర్ల లోతు. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో పెట్టండి. ఇప్పుడు దీనికి టోల్ లేదు.

హొన్నింగ్స్‌వోగ్‌లో రెండు రాత్రులు ఉంచుకోవాలని గట్టిగా చెబుతాను. కొండ అంచు 307 మీటర్ల ఎత్తులో ఉంటుంది, వేసవిలో కూడా పొగమంచు కమ్మేస్తుంది. ఒక్క రాత్రే పెట్టుకుని, అంత దూరం వెళ్లి, తెల్లటి గోడను చూసి తిరిగొచ్చినవాళ్లు ఎందరో. రెండు రాత్రులుంటే మబ్బు విడిచిన గంట చూసుకుని వెళ్లవచ్చు, ఊరి నుంచి 35 కి.మీ. లోపే. ఇంకొక సంగతి, నార్డ్‌కాప్ కంటే దాని పక్కనున్న క్నివ్‌షెల్లొడెన్ ఇంకాస్త ఉత్తరంగా ఉంటుంది. అక్కడికి రోడ్డు లేదు, రానూపోనూ 18 కి.మీ. నడక. ఓపిక, మంచి బూట్లు, తేరిన వాతావరణం మూడూ ఉంటేనే వెళ్లండి.

*11 నుంచి 16వ రోజు: ఈ ట్రిప్‌కు అసలు ఫలం.* ఆల్టాలో యునెస్కో జాబితాలో ఉన్న రాతి చెక్కడాలు, తర్వాత ట్రోమ్సోలో రెండు రాత్రులు. ఆల్టా నుంచి ట్రోమ్సోకు ఓల్డర్‌డాలెన్–లింగ్‌సైడెట్, స్వెన్స్‌బీ–బ్రైవిక్‌ఐడెట్ ఫెర్రీలు రెండు పట్టుకుంటే దూరం తగ్గుతుంది, దారి కూడా అందంగా ఉంటుంది. ట్రోమ్సో నుంచి లోఫోటెన్‌లోని స్వోల్వేర్ 400 కి.మీ. పైనే. ఉదయాన్నే బయల్దేరండి, లేదంటే నార్విక్‌లో రాత్రి ఆగండి. లోఫోటెన్‌కు మూడు రాత్రులు తక్కువే గానీ సరిపెట్టుకోవచ్చు.

*17 నుంచి 21వ రోజు: దిగడం.* మొస్కెనెస్ నుంచి బోడోకు కారు ఫెర్రీ మూడు నాలుగు గంటలు పడుతుంది. వేసవిలో కారు చోటు ముందే బుక్ చేసుకోండి. తర్వాత మో ఇ రానా, ట్రొండ్‌హైమ్, ఓస్లో, గోథెన్‌బర్గ్, కోపెన్‌హాగన్. మో ఇ రానా నుంచి ఓస్లో దాకా రెండు రోజులు బరువుగా ఉంటాయి. ఇంకో రోజు సెలవు దొరికితే ఇక్కడ కలపండి.

6. బుకింగులు ఏ వరుసలో చేయాలి

1. హొన్నింగ్స్‌వోగ్, లోఫోటెన్ బసలు. వేసవికైతే నాలుగైదు నెలల ముందే. గదులు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ.
2. కారు.
3. మొస్కెనెస్–బోడో ఫెర్రీ.
4. స్టాక్‌హోమ్, ట్రోమ్సో, ఓస్లో.
5. మిగతావి తర్వాత. స్వీడన్ ఈ4 వెంట గదులకు అంత కొరత ఉండదు. ఉచితంగా రద్దు చేసుకునేవే తీసుకోండి.

కుటుంబంతో వెళ్తే హోటళ్ల కంటే క్యాంప్‌సైట్ల క్యాబిన్లే నయం. స్వీడన్‌లో స్టూగ, ఫిన్లాండ్‌లో మొక్కి అంటారు. చిన్న వంటగది ఉంటుంది కాబట్టి అన్నం వండుకోవచ్చు. రెండు విషయాలు చూసుకోండి: చాలాచోట్ల దుప్పట్లు, తువ్వాళ్లు మనవే తెచ్చుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు మనమే ఊడ్చి తుడవాలి. లేకపోతే రెండింటికీ విడిగా ఛార్జీ వేస్తారు.

టెంటు వేసుకునేవాళ్లకు స్వీడన్, ఫిన్లాండ్, నార్వేల్లో బయలు నేల మీద బస చేసే హక్కు ఉంది. నార్వేలో మనుషులుండే ఇంటికి కనీసం 150 మీటర్ల దూరం ఉండాలి. ఈ హక్కు కాలినడకన వెళ్లేవాళ్లది, కారుకు కాదు. రోడ్డు దిగి పచ్చిక మీదికి కారు పోనివ్వకండి. డెన్మార్క్‌లో ఈ హక్కు లేదు.

7. తిండి

ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు తేకండి. పాల, మాంసపు పదార్థాలకు యూరప్‌లోకి అనుమతి లేదు. పచ్చి కరివేపాకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తేకూడదు. కందిపొడి, కారప్పొడులు, ఆవకాయ, ఎండబెట్టిన కరివేపాకు పొడి తెచ్చుకోవచ్చు. బియ్యం, పప్పు, చింతపండు లాంటివి కోపెన్‌హాగన్‌లోనో స్టాక్‌హోమ్‌లోనో ఇండియన్ షాపులో కొనేయండి. పైకి వెళ్లేకొద్దీ దొరకవు.

నార్వేలో చాలా సూపర్‌మార్కెట్లు ఆదివారం మూసేస్తారు. శనివారం సాయంత్రమే సరుకులు తీసుకోండి. చిన్న రైస్ కుక్కర్ ఒకటి వెంట ఉంటే రోజుకు ఒక పూట హోటల్ ఖర్చు మిగులుతుంది. నార్వే రెస్టారెంట్ రేట్లు చూశాక అది ఎంత మంచి పనో మీకే అర్థమవుతుంది.

8. డబ్బు, టోల్, పెట్రోలు

డెన్మార్క్, స్వీడన్, నార్వేలకు వేర్వేరు క్రోనర్లు, ఫిన్లాండ్‌కు యూరో. నోట్లు దాదాపు అక్కర్లేదు. పిన్ ఉన్న కార్డులు రెండు ఉంచుకోండి. మనుషులు లేని పెట్రోలు బంకుల్లో కార్డు పెట్టగానే పెద్ద మొత్తం బ్లాక్ చేసి తర్వాత వదులుతారు. డెబిట్ కార్డులో డబ్బు తక్కువుంటే అక్కడ ఇబ్బంది పడతారు.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి: 6,000 కి.మీ.కి, 100 కి.మీ.కి 7 లీటర్లు తాగే కారైతే 420 లీటర్లు. ఆ రోజు ధరతో గుణించి, దాని మీద వంతెన, టోల్, ఫెర్రీలు కలపండి. ఈనారి దాటాక ట్యాంకు సగానికి వచ్చిందంటే దొరికిన బంకులో నింపేయండి.

నార్వేలో టోల్ గేట్లు ఉండవు, కెమెరా నంబర్ ప్లేటు తీసుకుంటుంది. సొంత కారైతే ఆటోపాస్ (నార్వే టోల్ చెల్లింపు పద్ధతి) ట్యాగ్ తీసుకోండి, టోల్‌లో, ఫెర్రీల్లో రాయితీ వస్తుంది. స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్‌లలో రద్దీ పన్ను కూడా ఇలాగే కెమెరాతోనే పడుతుంది.

9. రోడ్డు మీద

- ఎడమ వైపు నడపడం అలవాటైనవాళ్లు మొదటి రోజు పార్కింగ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు, రౌండబౌట్ దగ్గర పొరబడతారు. ఆ పూట పక్కనున్నవాళ్లు ప్రతి మలుపులో "కుడి" అని గుర్తుచేయాలి.
- బోర్డులేవీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి దారివ్వాలి.
- పగలు కూడా హెడ్‌లైట్లు వెలగాలి.
- నార్వేలో ఊరి బయట మామూలు పరిమితి 80, ఊళ్లో 50. కొన్నిచోట్ల రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కిస్తారు. జరిమానాలు చాలా పెద్దవి. ఫిన్లాండ్‌లో వేగం బాగా మించితే మీ ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తారు.
- రక్తంలో మద్యం పరిమితి స్వీడన్, నార్వేల్లో వెయ్యికి 0.2 వంతు మాత్రమే. ఒక్క బీరు కూడా వద్దనే అనుకోండి.
- ఒంటి వరుస రోడ్డు మీద 'M' అక్షరం బోర్డున్న చోట ఆగి ఎదుటివాళ్లకు దారివ్వండి.

రెయిన్‌డీర్ గురించి విడిగా చెప్పాలి. అవి సామీ పెంపకందార్లవి, రోడ్డంటే వాటికి భయం లేదు. ఒకటి కనిపిస్తే వెనక ఇంకో పది ఉన్నట్టే. స్వీడన్‌లో రోడ్డు పక్క కర్రలకు నల్ల ప్లాస్టిక్ సంచులు కట్టి ఉంటే, దగ్గరలో మంద ఉందని పెంపకందార్లు పెట్టిన గుర్తు. వెంటనే వేగం తగ్గించండి. హారన్ కొడితే అవి కారు ముందే పరుగెడతాయి, ఆగి దారిచ్చేదాకా చూడటమే మేలు. మూస్ (జింక జాతిలో అతిపెద్ద జంతువు) ఇంకా ప్రమాదం. కాళ్లు పొడవు కాబట్టి గుద్దితే శరీరం నేరుగా అద్దం మీద పడుతుంది. తెల్లవారుజామున, మునిమాపున అడవిలో నెమ్మదిగా వెళ్లండి. ఇలాంటి పెద్ద జంతువును గుద్దితే, అది లేచి వెళ్లిపోయినా, పోలీసులకు చెప్పాలి. స్వీడన్, ఫిన్లాండ్‌లలో 112కు చేయండి. నార్వేలో అంబులెన్సుకు 113, అగ్నిమాపకానికి 110, పోలీసు అత్యవసరానికి 112. జంతువు విషయమైతే నార్వేలో 02800.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*గడియారం.* ఫిన్లాండ్ మిగతా మూడు దేశాల కంటే ఒక గంట ముందుంటుంది. సరిహద్దు ఊళ్లలో ఫోను అటూ ఇటూ మారుతుంటుంది. ఫెర్రీ ఉన్న రోజు ఫోను సమయాన్ని చేత్తో పెట్టుకోండి.

*రాత్రి పడకపోవడం.* జూన్‌లో పదకొండింటికీ వెలుతురే. ఇంకో వంద కి.మీ. పోదాం అనిపిస్తుంది, మర్నాడు స్టీరింగ్ దగ్గర కళ్లు మూతపడతాయి. సాయంత్రం 7కల్లా కారు ఆపేయాలని నియమం పెట్టుకోండి. కంటికి కట్టుకునే పట్టీ తీసుకెళ్లండి.

*రోజూ బస మార్చడం.* ప్రతి నాలుగైదు రోజులకు ఒకచోట రెండు రాత్రులు ఉండండి. బట్టలు ఉతుక్కోవడానికైనా ఆగాలి.

*నెట్ మీదే ఆధారపడటం.* మ్యాప్‌లు ఫోనులో దింపుకోండి. నార్వే రోడ్ల పరిస్థితికి 175కు ఫోన్ చేయవచ్చు. వాతావరణానికి Yr అనే యాప్, ఫిన్లాండ్‌లో 112 సువోమి యాప్ పెట్టుకోండి. ఆపదలో ఫోన్ చేస్తే మీరున్న చోటు అదే పంపుతుంది.

*వేసవే కదా అని పల్చటి బట్టలు.* జూలైలో కూడా నార్డ్‌కాప్‌లో పదికి అటూ ఇటూ డిగ్రీలు, పైగా గాలి. స్వెటర్, గాలి ఆపే జాకెట్, టోపీ, గ్లవ్స్ పెట్టెలో అడుగున కాదు, పైన ఉండాలి.

11. బయల్దేరే ముందు రోజు చూసుకోవాల్సినవి

- పాస్‌పోర్టు, వీసా లేదా రెసిడెన్స్ కార్డు, లైసెన్సు, పర్మిట్
- కారు కాగితాలు, సరిహద్దు దాటేందుకు కంపెనీ ఇచ్చిన అనుమతి
- బీమా కాగితం, రోడ్డు సాయం నంబరు
- ఆటోపాస్ ట్యాగ్, వంతెన టికెట్
- చైల్డ్ సీటు, ట్రయాంగిల్, జాకెట్, టార్చి
- మందులు, చీటీతో సహా
- దుప్పట్లు, తువ్వాళ్లు, కుక్కర్, ప్లగ్ అడాప్టర్
- దోమల మందు, కంటి పట్టీ, ఉన్ని బట్టలు

12. తిరిగొచ్చాక

అద్దె కారు తిరిగిచ్చేటప్పుడు నాలుగు వైపులా, అద్దం, చక్రాలు, మీటరు ఫొటోలు తీసుకోండి. టోల్, రద్దీ పన్ను, ఫెర్రీ బిల్లులు వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత వస్తాయి. ఏ రోజు ఏ ఊరు దాటారో రాసి పెట్టుకుంటే సరిచూసుకోవడం తేలిక. కారు అద్దెకు వాడిన కార్డును అప్పటిదాకా రద్దు చేయకండి.